కాదన్న కాలువకు కర్తలు

ప్రజాధనముతో ఒక వంతెనయో, కాలువయో నిర్మింపబడునపుడు రెండు దినములు ముఖ్యములు. ధనము మంజూరు చేయుటకు చట్టసభలో ఓటు జరుగు దినము మొదటిది. ప్రారంభోత్సవ దినము రెండవది. మొదటి దినమున చూచువారు కొలదిమంది. రెండవ దినమున పందిళ్లు, పూలదండలు, ఉపన్యాసములు. ఈ రెంటి నడుమ ఏండ్లు గడచును గనుక, మొదటి దినమున కాదన్నవారు రెండవ దినమున వేదిక నెక్కి కీర్తికి వారసులగుటకు వీలు కలుగుచున్నది. ఇది నిన్న నేడు పుట్టిన వింత గాదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున రెండువందల ఏండ్ల క్రిందట త్రవ్వబడిన ఈరీ కాలువ చరిత్రలో ఈ కథ యంతయు కలదు.

ఆ కాలువ సేద్యమునకు గాక పడవల రాకపోకలకై త్రవ్వినది. పడమట ఈరీ సరస్సునుండి తూర్పున హడ్సన్ నదివరకు దాని పొడవు 363 మైళ్లు, వెడల్పు 40 అడుగులు, లోతు 4 అడుగులు, లాకులు 83. మన డెల్టా కాలువలపై మనుష్యులు గట్టువెంబడి నడచుచు త్రాటితో పడవలు లాగినట్లే, అచట గుఱ్ఱములును కంచరగాడిదలును లాగెడివి. ఈ కాలువను గూర్చి తొలుత విపులముగా వ్రాసినవాడు జెస్సీ హాలీ యను పిండి వర్తకుడు. సరకు రవాణా ఖర్చులకు తాళలేక దివాలా తీసి, అప్పులవారి జైలులో నుండి, 1807–08 సంవత్సరములలో మారుపేరుతో ఒక పత్రికకు పదునాలుగు వ్యాసములు వ్రాసెను. ఆ పథకమును వినిన అధ్యక్షుడు జెఫర్సన్ 1809లో దానిని ఇంచుమించు పిచ్చితనముగా నెంచెను. 1817 మార్చి 3న, పదవి విడుచుటకు ముందు దినమున, అధ్యక్షుడు మాడిసన్ అంతర్గత నిర్మాణములకు కేంద్రధనము నిచ్చు బిల్లును త్రోసిపుచ్చెను. కేంద్రము చేయి విడువగా భారమంతయు రాష్ట్రముపై బడెను.

కాలువ పక్షమున నిలిచిన నాయకుడు డివిట్ క్లింటన్. న్యూయార్కు నగరమునకు పలుమారులు మేయరుగా నుండినవాడు. 1810 మొదలు కాలువ సంఘమున సభ్యుడు. ఆ పనికి జీతము పుచ్చుకొనలేదు. 1817 ఏప్రిల్ 15న కాలువ చట్టము అమలులోనికి వచ్చెను. అయితే ఆ కాలువవలన అందరికంటె ఎక్కువ లాభము పొందనున్న న్యూయార్కు నగరపు ప్రతినిధులే దానికి వ్యతిరేకముగా ఓటు చేసిరి! పన్నుల భారము తమ నగరముపై బడునని వారి భయము. పడమటి గోధుమలు చౌకగా వచ్చిపడిన తమ పంటకు ధర యుండదని నగర పరిసరముల రైతుల భయము. ఈ భయములను వెఱ్ఱివని కొట్టివేయుట న్యాయము గాదు. దేశమున అంతటి పని యెరిగిన ఇంజనీరు ఒక్కడును లేడు. కాలువను నడిపించిన రైటు, గెడ్డెసు అను నిరువురును మొదట భూములు కొలిచినవారు, న్యాయాధికారులు. కాని ఆ ఓట్లలో భయముతోబాటు క్లింటనుపై పగయు కొంత గలదు.

చట్టము సభలు దాటిన పిమ్మట పునర్విమర్శ మండలి యెదుటికి వచ్చెను. అచట ఛాన్సలర్ కెంట్ అను న్యాయమూర్తి సందేహించుచుండగా, ఉపాధ్యక్షుడు టాంప్‌కిన్సు అచటికి వచ్చి, ఇంగ్లండుతో మరల యుద్ధము తప్పదు, ధనమును కాలువకు గాక యుద్ధ సన్నాహమునకు వెచ్చింపుడని బోధించెను. కెంటునకు కోపము వచ్చెను. యుద్ధమో కాలువయో తేల్చుకొనవలసిన పక్షమున తాను కాలువ పక్షమేనని పలికి అనుకూలముగా ఓటు చేసెను. ఎదుటివాని వాదమే కాలువకు ప్రాణము పోసినది!

1817 జూలై 4న రోమ్ అను ఊరివద్ద త్రవ్వకము ఆరంభమయ్యెను. ప్రతిపక్షమువారు ‘బక్‌టెయిల్సు’, టోపీలకు లేడితోకలు తగిలించుకొనుటవలన ఆ పేరు వచ్చెను. వారు దానిని ‘క్లింటను గుంట’ యని యెగతాళి చేసిరి. రెండేండ్లు గడచెను. 1819లో రోమ్ నుండి యూటికా వరకు నీరు పారి పడవ నడచెను. ఎగతాళి మెల్లగా మానిరి. అదే యేట కాలువ సంఘములో ఖాళీ యేర్పడగా, ఒక్క ఓటు ఆధిక్యముతో తమవానిని అచట చేర్చి, సంఘమున తమ పక్షమునకు బలము సంపాదించిరి. కాంట్రాక్టులు, ఉద్యోగములు పంచు చేయి తమదైన పిమ్మట కాలువ వారికి చెడ్డగా కనబడలేదు. వారి నాయకుడు వాన్ బ్యూరెన్ మాత్రము 1817లోనే కాలువకు అనుకూలముగా మాటలాడి ఓటు చేసెను. ఆ మాట చెప్పకుండుట అన్యాయము.

ఇక మిగిలిన అడ్డంకి ఒక్కటే. కాలువ అనగానే జనులకు క్లింటను పేరు స్ఫురించుచుండెను. 1824 ఏప్రిల్ 12న, శాసనసభ ముగియు దినమున, బక్‌టెయిల్సు ఒక తీర్మానము తెచ్చి, జీతము లేక పదునాలుగేండ్లు పనిచేసిన క్లింటనును కాలువ సంఘమునుండి తొలగించిరి. కారణమేదియు చూపలేదు. త్రవ్వకము ముగింపునకు వచ్చినది, ఉత్సవము దగ్గరపడినది, ఆ వేదికపై ఆయన నిలువరాదు. వారి ఆలోచన అంతే. కాని వార్త పొక్కినంతనే ఊరూర సభలు జరిగెను. ఏడేండ్ల క్రిందట కాలువను కాదన్న న్యూయార్కు నగరమునందే వేలమంది గుమిగూడి నిరసించిరి. 1824 నవంబరులో క్లింటను పదునారు వేలకు పైగా ఓట్ల ఆధిక్యముతో గవర్నరుగా నెన్నికయ్యెను. ఆ విజయమునకు అధ్యక్షుని ఎన్నిక విధానముపై నడచిన వివాదము కూడ తోడ్పడినది. అయినను బక్‌టెయిల్సు ఆ తీర్మానము తేకున్న ఆయన మరల లేచియుండునా యన్నది సందేహమే.

1825 అక్టోబరు 26న బఫలో నుండి ‘సెనెకా చీఫ్’ అను పడవపై బయలుదేరి, నవంబరు 4న క్లింటను ఈరీ సరస్సు జలమును అట్లాంటిక్ సముద్రమున పోసెను. న్యూయార్కు నగరము మహోత్సవము చేసి, స్మారక గ్రంథమును కూడ ప్రకటించెను. బఫలో నుండి నగరమునకు టన్నుకు సుమారు 100 డాలర్లుండిన రవాణా ఖర్చు పదింటికి దిగెను. సుమారు 70 లక్షల డాలర్ల వ్యయము పడవల సుంకములతోనే తీరెను. క్లింటను 1828లో అప్పులతో మరణించెను. ఖననమునకు సొంత స్థలము లేక దేహమును మిత్రుల సమాధిలో నుంచిరి. 1844లో గాని బ్రూక్లిన్ శ్మశానమునకు మార్చలేదు. ఎముకలు కొరుకు చలిలో, జ్వరముల బురదలో గడ్డపారలు పట్టిన కూలీల పేర్లు మాత్రము ఏ వేదికపైనను వినబడలేదు.

ఆ దేశమున ఈ తీరు నేటికిని సాగుచున్నది. 2009లో 787 బిలియన్ డాలర్ల పునరుద్ధరణ చట్టమునకు ప్రతినిధుల సభలో రిపబ్లికన్ పక్షమువారు ఒక్కరును ఓటు చేయలేదు. పిమ్మట అందలి ధనమును తమ ప్రాంతములకు కోరుచు ఉత్తరములు వ్రాసినవారు వారిలోనే కలరు. 2021 నవంబరు 5న మౌలిక నిర్మాణముల చట్టము 228–206 ఓట్లతో ఆ సభలో నెగ్గెను. దానికి ముందు ఆగస్టులో సెనేటులో కాదన్న అలబామా సభ్యుడు ట్యూబర్‌విల్, 2023 జూన్‌లో అంతర్జాల సదుపాయమునకు తన రాష్ట్రమునకు సుమారు 140 కోట్ల డాలర్లు వచ్చినపుడు బహిరంగముగా సంతోషించెను. వీరికిని ఒక సమాధానము కలదు: పన్ను అందరును చెల్లించిరి, చట్టము మొత్తము నచ్చకున్నను వచ్చు వాటాను మా ప్రజలకు తేక తప్పునా? వాటా నడుగుట న్యాయమే. ఆ ధనమును తానే తెచ్చితినని చెప్పునపుడు ఓటు మాట మింగుట వేరు సంగతి.

అచట ఈ మింగుడు చిక్కుటకు కారణము 1787 నాటి వారి రాజ్యాంగమే. హాజరైనవారిలో అయిదవవంతు కోరినచో ఎవరు ఔననిరో, ఎవరు కాదనిరో పేరు పేరున సభా గ్రంథమున వ్రాయవలెనని అందు నియమము. మన లోక్‌సభలో బిల్లులు పెక్కు మూజువాణి ఓటుతోనే నెగ్గుచున్నవి. సభ్యులు పట్టుబట్టి డివిజన్ కోరినపుడే పేర్లు నమోదగును. పైగా 1985 నాటి ఫిరాయింపుల నిషేధ చట్టమువలన సభ్యుడు తన పక్షపు ఆజ్ఞకు లోబడియే ఓటు చేయవలెను. కనుక మన శిలాఫలకములపై కనబడు పేరు ఆ ధనము మంజూరైన దినమున ఏమి పలికెనో తెలిసికొనుటకు తరచుగా ఏ గ్రంథమును లేదు.