గ్లూటాథయోన్ విరుపు: రక్షణా, పొదుపా?

ఆర్సెనిక్ సోకిన మొక్కలో గ్లూటాథయోన్ కథను సాధారణంగా తయారీ వైపు నుంచే చెబుతారు. 1888లో ద రే-పైలాద్ ఈ పదార్థాన్ని గుర్తించాడు, 1921లో హాప్కిన్స్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు, 1985లో గ్రిల్, విన్నకర్, జెంక్ దీని నుంచి పుట్టే ఫైటోకెలటిన్లను బయటపెట్టారు. గ్లుటామేట్, సిస్టీన్, గ్లైసీన్ కలిసిన ఈ పొట్టి గొలుసులో సిస్టీన్ మోసే గంధకం ఆర్సెనైట్‌ను పట్టుకుంటుంది. ఫైటోకెలటిన్లకు చిక్కిన విషం రిక్తికలోకి చేరుతుంది. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా ఆ గొలుసు తెగడం దగ్గర ఉంది. జంతువుల మూత్రపిండాన్ని చూసి 1970లో ఓర్లోవ్‌స్కీ, మైస్టర్ గీసిన గామా-గ్లుటమైల్ చక్రాన్ని చాలాకాలం మొక్కలకూ యథాతథంగా తగిలించారు. కణం వెలుపలి ట్రాన్స్‌పెప్టిడేజే ప్రధాన కత్తెర అని దాని అర్థం. 2008లో ఒకామా-ఒట్సు బృందం అరబిడాప్సిస్‌లో ఆ ఎంజైమ్‌ను బాగా తగ్గించి చూసినా, గొలుసు తెగితే మిగిలే 5-ఆక్సోప్రోలిన్ పోగు తగ్గలేదు. అంటే అసలు కోత కణద్రవంలోనే జరుగుతోంది. 2013లో పౌలోస్, ధంఖేర్ తదితరులు ఆ కత్తెరల్లో ఒకదాన్ని, జీజీసీటీ 2;1 అనే ఎంజైమ్‌ను పట్టుకున్నారు. అది గ్లూటాథయోన్‌ను కోస్తే 5-ఆక్సోప్రోలిన్, సిస్టీన్-గ్లైసీన్ జంట మిగులుతాయి. ఏటీపీ ఖర్చు పెట్టి మరో ఎంజైమ్ మొదటిదాన్ని గ్లుటామేట్‌గా మారుస్తుంది. ఆర్సెనిక్ తగిలితే జీజీసీటీ 2;1 జన్యువు చురుకవుతుంది. కనుక ఇది మొక్కను కాపాడుతుందని వారి వ్యాసం శీర్షికే చెప్పేసింది. అయితే అదే వ్యాసంలో ఈ జన్యువు లేని మొక్కలు ఆర్సెనిక్‌నూ కాడ్మియంనూ మామూలు మొక్కలకంటే బాగా తట్టుకున్నాయి! కాపలాదారు లేని ఇల్లే భద్రంగా ఉందన్నట్టుంది. ఆ మొక్కలు నైట్రోజన్ స్వాంగీకరణను అనేక రెట్లు పెంచుకున్నాయి. కణజాలంలో నైట్రోజన్‌తో పోలిస్తే ఆర్సెనిక్ పాలు బాగా తగ్గింది. దీనర్థం గ్లుటామేట్ పునర్వినియోగం ప్రాణరక్షణ కాదు, పొదుపు. కొత్త గ్లుటామేట్ తయారీకి నైట్రోజన్ దొరికినచోట ఆ పొదుపు లేకున్నా మొక్కకు నడుస్తుంది.

దీనికొక అభ్యంతరం ఉంది. మొహాలీలో బచావత్ బృందం 2015లో ఈ కుటుంబపు మూడు ఎంజైములూ గ్లూటాథయోన్‌ను కోస్తాయని చూపింది. ఒకటి పోతే తక్కిన రెండూ లోటు పూడ్చవచ్చు గదా. పూర్తిగా పూడ్చి ఉంటే నైట్రోజన్ కోసం అంత వెంపర్లాట ఎందుకు? లోటు తగిలింది, మొక్క దాన్ని బయటినుంచి నింపుకుంది. ప్రయోగశాల మొలకలకు అది తేలిక: నిండు మోతాదు మురాషిగే-స్కూగ్ మాధ్యమంలో లీటరుకు దాదాపు 60 మిల్లీమోల్ నైట్రోజన్ ఉంటుంది. నా వాదన ఈ ఒక్క జన్యువుకే పరిమితం, తయారీ వైపు ఎంజైములకు వర్తించదు.

ఈ కథను ఇప్పుడు వరికి తెచ్చి ‘ఆర్సెనిక్‌ను తట్టుకునే జన్యువు’ అనడం నాకు తొందరపాటుగా కనిపిస్తుంది. నీరు నిలిచిన మడిలో ఆర్సెనైట్ సిలికాన్ దారిలో వేరులోకి జొరబడుతుంది. కానీ అక్కడ పైరుకు నైట్రోజన్ ప్రయోగశాలలో అందినంత ధారాళంగా ఎప్పుడూ అందదు. యూరియా తక్కువ పడిన మడిలో ఇదే కత్తెర మొక్కకు మేలే చేయవచ్చు.