నూ హెచ్‌టీఎంఎల్ చెకర్

నూ హెచ్‌టీఎంఎల్ చెకర్ వెబ్ పేజీలోని మార్కప్ ప్రమాణం ప్రకారం ఉందో లేదో సరిచూసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. జావాలో రాసిన ఈ ప్రోగ్రాం ఎంఐటీ లైసెన్సు కింద దొరుకుతుంది. దీన్ని వెబ్ సేవగా, కమాండ్ లైన్ పరికరంగా, వేరే ప్రోగ్రాముల్లో కలుపుకునే లైబ్రరీగా కూడా వాడతారు. పేజీని బ్రౌజర్ ఎలా చదువుతుందో అలాగే చదివి, ఆ తర్వాతే తప్పొప్పులు తేల్చడం దీని రూపకల్పనలోని మూలసూత్రం.

చరిత్ర

తొలితరం చెకర్లు ఎస్‌జీఎంఎల్ అనే పాత మార్కప్ ప్రమాణం మీద ఆధారపడ్డాయి. జెరాల్డ్ ఒస్కోబోయినీ పెర్ల్‌లో రూపొందించిన, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వారి వ్యాలిడేటర్ పేజీని డీటీడీ అనే నియమావళితో పోల్చి చూసేది. ఏ ట్యాగులో ఏ ట్యాగు ఉండవచ్చో డీటీడీ చెప్పగలదు. తేదీ సరైన రూపంలో ఉందా, వెబ్ చిరునామా సవ్యంగా ఉందా అన్నవి దానికి అందవు. 2004లో ఏర్పడిన వాట్‌డబ్ల్యూజీ బృందం హెచ్‌టీఎంఎల్‌ను ఎస్‌జీఎంఎల్ నుంచి విడదీసింది. తప్పులున్న పేజీని సైతం బ్రౌజర్లన్నీ ఒకేలా చదివేలా ప్రతి మెట్టునూ నిర్వచించింది. దీంతో పాత చెకర్ల పునాదే చెల్లకుండా పోయింది. ఫిన్లాండ్‌కు చెందిన హెన్రి సివొనెన్ కొత్త చెకర్‌ను నిర్మించి, దాని రూపకల్పనను 2007లో తన మాస్టర్స్ థీసిస్‌లో వివరించారు. తర్వాతి కాలంలో మైక్ స్మిత్ దీని నిర్వహణ చేపట్టారు.

నిర్మాణం

తనిఖీ మూడు అంచెల్లో సాగుతుంది. మొదటి అంచె పార్సర్. ఇది పేజీని టోకెన్లుగా విడగొట్టి, తప్పు కనబడితే నమోదు చేసి, ఆగకుండా ముందుకు సాగుతుంది. ఈ పార్సర్‌నే సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చి 2011లో ఫైర్‌ఫాక్స్ 4లో వాడారు.

రెండో అంచె స్కీమా. ట్యాగుల అమరిక నియమాలను రిలాక్స్ ఎన్‌జీ భాషలో రాసి, జేమ్స్ క్లార్క్ రూపొందించిన జింగ్ ఇంజనుతో సరిచూస్తారు. తేదీలు, చిరునామాలు, భాషా సంకేతాల వంటి విలువల కోసం విడిగా డేటాటైప్ లైబ్రరీ ఉంది.

స్కీమాకు లొంగని నియమాలు మూడో అంచెలో జావా కోడ్‌గా ఉంటాయి. ఒకే ఐడీ రెండుచోట్ల వచ్చిందా, లేబుల్ చూపిస్తున్న ఫారం గడి నిజంగా ఉందా, పట్టికలో అడ్డంగానో నిలువుగానో సాగిన గడులు ఒకదానిమీదొకటి ఎక్కాయా అన్నవి ఇక్కడ తేలతాయి. అంచెలు విడిగా ఉండటం వల్ల ప్రమాణంలో ఒక నియమం మారినప్పుడు దానికి చెందిన భాగాన్ని మాత్రమే దిద్దితే సరిపోతుంది.

దోష సందేశాలు

చెకర్ విలువ దాని సందేశాల్లో తెలుస్తుంది. పేరాను తెరిచే పీ ట్యాగులో, విభాగాన్ని తెరిచే డివ్ ట్యాగు పెట్టి, చివర పీని మూశామనుకుందాం. డివ్ కనబడగానే పార్సర్ పేరాను తనంతట తానే మూసేస్తుంది. చివరి ముగింపు ట్యాగు వచ్చేసరికి మూయడానికి పేరా మిగలదు. అందుకే సందేశం చివరి వరుసను చూపిస్తుంది, అసలు కారణం మాత్రం పైన డివ్ దగ్గర ఉంటుంది. ఇలాంటి చోట వరుస సంఖ్యతో పాటు ఆ కోడ్ ముక్కనూ చూపించడం రాసేవారికి ఎంతో మేలు చేస్తుంది. సందేశాలను మామూలు పాఠ్యంగానే కాక ఎక్స్‌ఎంఎల్, జేసన్ రూపాల్లోనూ తీసుకోవచ్చు కాబట్టి ఎడిటర్లు, ఆటోమేటిక్ పరీక్షలు వాటిని నేరుగా చదువుకోగలవు.

తెలుగు పేజీలు

అక్షరాల ఎన్‌కోడింగ్‌ను మెటా ట్యాగులో ప్రకటిస్తే, అది పేజీలోని మొదటి 1024 బైట్లలోపే ఉండాలని ప్రమాణం చెబుతుంది. ఎన్‌కోడింగ్ ప్రకటనే లేకపోతే తెలుగు అక్షరాలు అర్థంకాని గుర్తులుగా మారే ప్రమాదం ఉంది. తప్పు ఎన్నో అక్షరం దగ్గరుందో చెప్పడంలోనూ చిక్కుంది. ‘క్ష’ కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం క, పొల్లు, ష అని మూడు సంకేతాలు, యూటీఎఫ్-8లో 9 బైట్లు. జావా స్ట్రింగులో దాని పొడవు 3. కాబట్టి ఇలాంటి చెకర్ తాను దేన్ని లెక్కిస్తోందో స్పష్టంగా ప్రకటించాలి. లేకుంటే తెలుగు వాక్యం మధ్యలో ఉన్న తప్పును ఎడిటర్ వేరే చోట చూపిస్తుంది.

పరిమితులు

చెకర్ ఆమోదించిందంటే, ప్రమాణంలో యంత్రం సరిచూడగల నియమాలకు పేజీ లోబడి ఉందని మాత్రమే అర్థం. బొమ్మకు ప్రత్యామ్నాయ పాఠ్యం లేకపోతే చెకర్ పట్టుకుంటుంది. రాసిన మాటలు ఆ బొమ్మను సరిగ్గా వర్ణిస్తున్నాయా లేదా అన్నది మనిషే చదివి తేల్చాలి.