పెట్టలా కూసే పెట్టె

అమెరికా అడవుల్లో టర్కీకోళ్లు జతకట్టే కాలం వసంతంలో మొదలవుతుంది. తెల్లవారుజామున పుంజు ఇంకా చెట్టుకొమ్మ మీద ఉండగానే గొంతెత్తి కూస్తుంది. గాలి నిలకడగా ఉంటే ఆ కూత మైలు దూరం దాకా పోతుంది. వెలుగు వచ్చాక నేలకు దిగి, తోక విసనకర్రలా విప్పి, రెక్కల అంచులు నేలకు రాస్తూ ఒకచోట తిరుగాడుతుంది. ఆ పక్షుల్లో పెట్టే పుంజును వెతుక్కుంటూ వెళ్తుంది. పుంజు కూసి ఎదురుచూస్తుంది.

వేటగాడు ఈ వరసను తిరగెయ్యాలి. చెట్టు మొదట్లో కదలకుండా కూర్చుని పెట్టలా కూసి, పుంజే తన దగ్గరికి నడిచి వచ్చేలా చెయ్యాలి. అది ఎంత కష్టమో ఆ పక్షి సంగతి తెలిస్తే అర్థమవుతుంది. పగటివేళ దాని చూపు మనిషి చూపుకన్నా చురుకైనది. తల కాస్త తిప్పితే చాలు, చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది. రంగులు తెలుస్తాయి. కూత ఏ దిక్కు నుంచి, ఎంత దూరం నుంచి వచ్చిందో పసిగడుతుంది. వచ్చి చూస్తే అక్కడ పెట్ట లేకపోతే అనుమానపడి మాయమవుతుంది.

మన పల్లెల్లో కౌజుపిట్టలను పట్టేవాళ్లు పెంచిన పిట్టను దీమంగా పెట్టి, దాని కూతతో అడవిపిట్టలను రప్పించేవాళ్లు. అమెరికా అడవుల్లో మనుషులు పక్షి లేకుండా పక్షి గొంతును మాత్రమే తయారుచేసుకున్నారు. మొదట ఎముకతో, తర్వాత చెక్కతో.

ఎముక కథ చాలా పాతది. టెనెసీ రాష్ట్రంలో ఈవా అనే చోట జరిగిన తవ్వకాల్లో టర్కీ రెక్క ఎముకలతో చేసిన పిలుపు పీక బయటపడింది. అది వేల ఏళ్ల కిందటిది. తెల్లవాళ్లు ఆ ఖండంలో అడుగుపెట్టక ముందే అక్కడి ఆదివాసులకు ఈ విద్య పూర్తిగా తెలుసు. ఏ పక్షిని పిలవాలో ఆ పక్షి ఎముకే వాద్యం. పెట్ట రెక్కలోని ఎముకలను శుభ్రం చేసి, లోపలి మూలుగ తీసేసి, సన్నదాని కొన లావుదాంట్లో ఇమిడేలా ఒకదానికొకటి అతికిస్తారు. సన్నటి కొసను పెదవుల మధ్య పెట్టుకుని గాలిని లోపలికి పీల్చాలి. ఊదితే కూత రాదు. ముద్దు పెట్టుకున్నట్టు పెదవులు బిగించి చిన్నచిన్నగా పీలిస్తే పెట్ట కూత పలుకుతుంది. పక్షుల చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్ తన పక్షుల పుస్తకంలో మొదటి బొమ్మగా వేసింది అడవి టర్కీ పుంజునే. రెక్క ఎముకతో గాలి పీల్చి పుంజులను పిలిచే పద్ధతి గురించి ఆయన 19వ శతాబ్ది మొదటి భాగంలోనే రాశాడు.

ఈ ఎముక విద్యలో పేరు చెప్పుకోవాల్సిన మనిషి చార్లెస్ ఎల్. జోర్డన్. అమెరికా దక్షిణాది అడవుల్లో జీవితమంతా టర్కీల వెంట తిరిగినవాడు. సన్నటి రెక్క ఎముకకు నదిగట్టున పెరిగే రెల్లులాంటి వెదురు కణుపును జోడించి ఆయన చేసిన పీకను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చివరి రోజుల్లో లూసియానాలో ఒక వేట అడవికి సంరక్షకుడిగా పనిచేస్తూ 1909లో దొంగవేటగాడి తుపాకికి బలయ్యాడు. ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు ఎడ్వర్డ్ మెకిల్‌హెనీ చేతికి వచ్చాయి. టబాస్కో కారపు సాస్ తయారుచేసే కుటుంబానికి చెందినవాడీయన. తన సొంత సంగతులు కూడా కలిపి 1914లో వాటిని పుస్తకంగా తెచ్చాడు. అడవి టర్కీ వేట మీద వచ్చిన పాత పుస్తకాల్లో దానికి పెద్దపీట. పక్షిని కాపాడుతూ చనిపోయినవాడి అనుభవం అలా నిలిచింది.

పీకతో ఒక చిక్కుంది. అది ఊపిరి మీద, పెదవుల మీద, చెవి మీద ఆధారపడిన విద్య. ఒక ఇంట్లో తాతకు వస్తే మనవడికి రావాలని లేదు. కొందరికి ఏళ్లు గడిచినా పట్టుబడదు. పిలవగలవాడు ఊళ్లో ఏ ఒక్కడో ఉంటాడు. తక్కిన వాళ్లంతా వాడి వెంట వెళ్లాల్సిందే.

ఈ చిక్కును విప్పింది చెక్క. చెక్కను చెక్కతో రాపిడి చేసి పక్షి గొంతు పుట్టించడం దక్షిణాది పల్లెల్లో అప్పటికే తెలుసు. పలక మీద బలపం కీచుమనడం మనందరికీ తెలిసిందే. రాసే వస్తువు ఒక క్షణం అంటుకుంటుంది, మరుక్షణం జారుతుంది, మళ్లీ అంటుకుంటుంది. సెకనులో వందలసార్లు జరిగే ఈ అంటు, జారు వల్లే ధ్వని పుడుతుంది. వయొలిన్ తీగ మీద కమాను పలికేదీ ఇలాగే. అందుకే వయొలిన్ వాళ్లు కమానుకు రోజిన్ రాస్తారు, టర్కీ వేటగాళ్లు చెక్కకు సుద్ద రాస్తారు. కొందరు పలక రాయినే వాడతారు. గుండ్రటి పలకను చిన్న గిన్నెలో బిగించి, దాని మీద కర్రపుల్లతో చిన్న చిన్న సున్నాలు చుడితే పెట్ట కూత వస్తుంది. పలక బదులు గాజు, అల్యూమినియం తర్వాత వచ్చాయి.

చెక్క పెట్టె విషయానికొస్తే, అది జానెడుకు కాస్త అటూఇటూ పొడవుండే తొట్టి. అడుగు భాగం మందం, పక్కగోడలు పలచన. పైన వంపు తిరిగిన మూత, దానికి పిడి. మూత అడుగు భాగం గోడ అంచును రాసుకుంటూ పోతే గోడ కంపిస్తుంది, లోపలి ఖాళీ ఆ కంపనాన్ని పెద్దది చేస్తుంది. అసలు కిటుకు వంపులో ఉంది. పెట్ట కూతలో రెండు భాగాలుంటాయి. సన్నటి, తేటైన స్వరంతో మొదలై, ఒక్కసారిగా విరిగి, బొంగురు గొంతులోకి దిగుతుంది. ఈ విరుపు లేకపోతే పుంజు పట్టించుకోదు. మూత కదులుతున్నకొద్దీ అది గోడను తాకే చోటు మారుతుంది, దానితోపాటు స్వరం మారుతుంది. ఒక్క ఊపులో రెండు స్వరాలూ పలకాలంటే ఆ వంపు సరిగ్గా కుదరాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్షి గొంతు పోయి తలుపు కిర్రుమన్న చప్పుడు మిగులుతుంది.

మూత విడిగా ఉంటే ఈ పని రెండు చేతుల మధ్య సర్కస్ అవుతుంది. ఎంత ఒత్తాలి, ఏ కోణంలో పట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ప్రతిసారీ చేతికే తెలియాలి. ఆర్కన్సా నది ఒడ్డున డార్డనెల్ అనే చిన్న పట్టణంలో ఉండే హెన్రీ సి. గిబ్సన్ ఇక్కడే అడుగు ముందుకేశాడు. మూత ఒక కొసను ఒక్క మరమేకుతో పెట్టెకు బిగించాడు. మూత ఇప్పుడు ఆ మర చుట్టూనే తిరుగుతుంది. ఎవరు తిప్పినా అదే దారిలో తిరుగుతుంది. 1897 జనవరి 5న దీనికి ఆయనకు పేటెంట్ వచ్చింది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ మరే. గిబ్సన్ కొత్త ధ్వని ఏదీ కనిపెట్టలేదు. చేతిలో దాగిన నేర్పులో సగాన్ని తీసి వస్తువులో పెట్టాడు. ఊపిరి విద్య రాని రైతు, పదేళ్ల పిల్లాడు, పళ్లూడిన ముసలాయన కూడా పెట్టె చేతికొచ్చిన సాయంత్రమే పెట్టలా కూయించగలిగారు. ఆ మరను ఎంత బిగించాలన్నది పెట్టె చేసినవాడు ఒకసారి నిర్ణయిస్తాడు. మంచి పెట్టె కొన్నవాడికి చేసినవాడు చెప్పే మొదటి మాట, మర జోలికి వెళ్లొద్దని. అర చుట్టు తిప్పినా గొంతు మారిపోతుంది.

పెట్టెను నమ్ముకున్నవాడికి ఇంకా కొన్ని జాగ్రత్తలున్నాయి. రాసుకునే అంచులను వేలితో తాకకూడదు. చేతి జిడ్డు అంటితే అంటు, జారు ఆగిపోతుంది. సుద్ద కూడా నూనె, మైనం కలవనిదై ఉండాలి. వాన అన్నిటికన్నా పెద్ద శత్రువు. తడిసిన పెట్టె మూగబోతుంది. అందుకని చాలామంది దాన్ని బ్రెడ్డు వచ్చే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చెయ్యి కూడా సంచిలోనే దూర్చి కూయిస్తారు. పెట్టె చుట్టూ రబ్బరు బ్యాండు వేసి గలగలా ఊపితే పుంజు కూత కూడా వస్తుంది. ఆ పని అడవిలో చెయ్యడం మాత్రం ప్రమాదం. దాన్ని నిజం పుంజనుకుని మరో వేటగాడు తుపాకి గురిపెట్టవచ్చు.

1940లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఎం.ఎల్. లించ్ ఈ పెట్టెలను వ్యాపారంగా తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన అమ్మిన ఒక రకం పేరు 'ఫూల్ ప్రూఫ్'. ఎవరి చేతిలోనైనా పలుకుతుందన్న మాట. గిబ్సన్ మొదలుపెట్టినదాన్ని ఆ పేరు పూర్తిచేసింది.

పెట్టె ఊరూరికీ చేరేనాటికే పక్షి మాత్రం కనుమరుగవుతూ వచ్చింది. అడవులు నరికి పొలాలు చేశారు. సంతల్లో అమ్మడానికి ఏడాది పొడవునా కాల్చారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో చివరి అడవి టర్కీ 1851లో పోయింది. 1930ల నాటికి దేశమంతటా మిగిలినవి చాలా కొద్ది. తప్పు పిలుపు పెట్టెది కాదు, కానీ పిలిస్తే వచ్చే పక్షే లేనప్పుడు ఆ పెట్టెకు అర్థం ఏముంది? ఈ బాధ మొదట తెలిసింది పిలిచేవాళ్లకే. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద వేసిన పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకే కేటాయించారు. ఆ డబ్బులో చాలా భాగం కట్టింది వేటగాళ్లే.

మొదట కోళ్లఫారాల్లో పొదిగించిన పిల్లలను అడవుల్లో వదిలారు. దశాబ్దాలపాటు ఎన్నో వేల పిల్లలను వదిలినా అవి నిలదొక్కుకోలేదు. అడవి పెట్ట వెనక నడుస్తూ ఏ కూతకు దాక్కోవాలి, ఏ కూతకు చెట్టెక్కాలి అన్నది నేర్చుకోని పిల్ల గద్దకో నక్కకో చిక్కిపోతుంది. పక్షికి తల్లి గొంతు ఎంత ముఖ్యమో మనుషులకు తెలిసొచ్చింది ఈ ఓటమి వల్లనే. తర్వాత దారి మార్చారు. నిజం అడవి పక్షులనే పట్టి, లేని చోటికి తీసుకెళ్లి వదలాలి. అంత చురుకైన పక్షిని ప్రాణంతో పట్టడమెలా? నీటిపక్షుల కోసం వాడే ఫిరంగి వలను 1951లో దక్షిణ కెరొలినాలో టర్కీల మీద ప్రయోగించారు. మొక్కజొన్న గింజలు చల్లి, పక్షులు గుమిగూడాక చిన్న ఫిరంగులతో వలను వాటి మీదుగా ఎగరేస్తారు. కళ్లు మూసి తెరిచేలోపు వల కిందికి వస్తాయి.

1972, 73లలో న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెచ్చిన 37 పక్షులను మసాచుసెట్స్ పడమటి కొండల్లో వదిలారు. ఇప్పుడు ఆ రాష్ట్రంలో వాటి సంఖ్య 30 వేలు దాటింది. బోస్టన్ శివార్లలో ఉండే మన తెలుగువాళ్లకు ఇవి కొత్త కాదు. ఇంటి ముందు రోడ్డు దాటుతూ కార్లను ఆపేస్తుంటాయి. ఒకప్పుడు ఒక్కటీ లేని చోట ఇప్పుడు వాటి గుంపుకు దారివ్వాల్సి వస్తోందంటే అది ఆషామాషీగా జరిగింది కాదు. 1973లో టర్కీల కోసమే ఒక జాతీయ సమాఖ్య ఏర్పడింది. దాని కార్యాలయం దక్షిణ కెరొలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్‌లో ఉంది. వసంతం వేటలో గడ్డం ఉన్న పక్షినే కొట్టాలని చాలా రాష్ట్రాలు నియమం పెట్టాయి. పుంజు రొమ్ము మీద వేలాడే వెంట్రుకల్లాంటి ఈకల కుచ్చునే అక్కడ గడ్డం అంటారు. గుడ్లు పెట్టే పెట్టలను కాపాడేందుకు ఈ నియమం. పెట్టలా కూస్తే పుంజు వస్తుంది కాబట్టి, ఈ పిలుపు వేట ఆ నియమంతో చక్కగా ఇముడుతుంది.

ఫ్యాక్టరీలు రోజుకు వందల పెట్టెలు తయారుచేయగలిగిన కాలంలోనూ చేత్తో చేసినవాటికి గిరాకీ తగ్గలేదు సరికదా, పెరిగింది. కారణం చెక్కలోనే ఉంది. ఒకే చెట్టు నుంచి కోసిన రెండు ముక్కలు ఒకేలా పలకవు. ఎర్ర సెడార్, మహాగని, వాల్‌నట్, పోప్లర్ దేని గొంతు దానిదే. గోడ ఎంత పలచన చెయ్యాలో కొలబద్ద సగం చెబుతుంది, మిగతాది వేలితో తట్టి విని తేల్చుకోవాలి. దక్షిణ కెరొలినాలోని గ్రీన్‌వుడ్‌కు చెందిన నీల్ కాస్ట్ ఈ విద్యలో మేటి. పడవ తెడ్డులాంటి పొడుగాటి మూతతో ఆయన చేసిన పెట్టెల గొంతు చాలా దూరం వెళ్తుంది. వయొలిన్ల తయారీలో స్ట్రాడివరీ ఎంతో టర్కీ పెట్టెల్లో ఆయన అంత అని వేటగాళ్లు పోల్చేవారు. 2002లో ఆయన కన్నుమూశాక ఆ పెట్టెలు సేకరించేవాళ్ల అల్మరాల్లోకి చేరాయి. నా మటుకు నాకు అవి అద్దాల వెనక కన్నా అడవిలో ఉంటేనే బాగుండుననిపిస్తుంది. పలకని వాద్యం చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా సగమే.

పెట్టె తయారైనంత మాత్రాన పుంజు రాదు. ఆరితేరినవాళ్లు ఎక్కువ కూయించరు. తెల్లవారకముందు రెండు మూడు మెత్తటి కూతలు, అంతే. పుంజు జవాబిస్తే ఊరుకుంటారు. పెట్ట వచ్చేస్తుందని అది అనుకుంటుంది, రాకపోయేసరికి ఏమైందో చూద్దామని తానే బయల్దేరుతుంది. ఎప్పుడు కూయించాలన్న పాఠం గిబ్సన్ మరలో లేదు, కాస్ట్ చెక్కలోనూ లేదు. అది అడవిలో కూర్చుని నిజం పెట్టలను విన్నవాడికే వస్తుంది.

ఇవాళ్టి ఫోన్లో అన్ని టర్కీ కూతలూ దొరుకుతాయి. స్పీకర్ పెట్టి వినిపిస్తే పని అయిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు టర్కీ వేటలో రికార్డు చేసిన కూతలను, ఎలక్ట్రానిక్ పరికరాలను నిషేధించాయి. కూత మనిషి నోటితోనో చేతితోనో పుట్టాలి. ఆ నిషేధం వల్ల కూడా గిబ్సన్ పెట్టె నూట పాతికేళ్లు దాటినా అంగళ్లలో ఉంది, దాన్ని చేసే వడ్రంగులకు పని ఉంది. ఆ నిషేధం న్యాయమైనదని, ఎప్పటికీ అలాగే ఉండాలని నా అభిప్రాయం.