మన జేబులోని ఫోనే గ్లైడర్‌ని చవక చేసింది: తక్కువ బడ్జెట్‌లో ఏది కొనాలి?

హైటెక్ సిటీలో జాబ్, వీకెండ్ ఖాళీ, చేతిలో కొంచెమే డబ్బు. బ్యాటరీతో నడిచే ఆర్‌సీ గ్లైడర్ కొనాలి, కాస్త స్పోర్టీగా ఉండాలి. ఏది కొనాలి? ఒక మోడల్ పేరు చెప్పేసి వెళ్లిపోవచ్చు. కానీ వచ్చే ఏడాదికి ఆ మోడల్ దొరుకుతుందో లేదో! అసలు ఈ వస్తువు ఇంత చవక ఎలా అయిందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది. అందుకే ఈరోజు కొంచెం వెనక్కి వెళ్దాం.

ముందు ఒక్క మాట. గ్లైడర్‌లో మోటర్ ఎప్పుడూ తిరగదు. అరనిమిషం తిప్పి పైకి తీసుకెళ్తాం, ఆపేస్తాం. ప్రొపెల్లర్ రెక్కలు వెనక్కి మడుచుకుంటాయి, అక్కడి నుంచి గాలి మీద జారుతూ వస్తుంది. వేడిగాలి పైకి లేచే చోటు దొరికితే అదే మళ్లీ పైకి పోతుంది. ఎండాకాలం మన గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతుంటాయి చూడండి, అదే టెక్నిక్.

1957 జూన్ 30న ఇంగ్లండ్‌లో కల్నల్ టాప్లిన్ అనే ఆయన ‘రేడియో క్వీన్’ అనే మోడల్‌ని కరెంటు మోటర్‌తో, రేడియో కంట్రోల్‌తో ఎగరేశారు. రికార్డుల్లో ఉన్న మొదటి ఫ్లైట్ అదే. అందులో పెట్టింది సిల్వర్-జింక్ బ్యాటరీ. పేరులోనే వెండి ఉంది, ఇక ధర గురించి చెప్పేదేముంది! అదే రోజుల్లో ఫ్రెడ్ మిలిట్కీ అనే ఇంజనీర్ కూడా ఇదే పని మీద ఉన్నాడు. జర్మనీలోని గ్రౌప్నర్ కంపెనీ 1960లో ఆయన డిజైన్‌తో ‘సైలెంటియస్’ అనే కిట్ అమ్మింది. రేడియో లేదు, వదిలేస్తే దానంతట అదే ఎగిరేది. ఆయన అక్కడితో ఆగలేదండి. 1973 అక్టోబర్‌లో ఆస్ట్రియాలో ఒక మోటర్ గ్లైడర్‌కి కరెంటు మోటర్ బిగించి, అందులో మనిషిని కూర్చోబెట్టి ఎగరేశారు. పైలట్ హైనో బ్రడిచ్కా. విమానం పేరు ఎంబీ-ఈ1, అందులో ‘ఎం’ అంటే మిలిట్కీయే. మనిషిని మోసిన కరెంటు విమానం వెనక ఉన్నది ఒక మోడల్ విమానాల మనిషి. నాకైతే ఈ కథలో బాగా నచ్చే ముక్క ఇదే.

అయినా ఆ తర్వాత పాతికేళ్లు ఈ హాబీ సామాన్యుడి దాకా రాలేదు. కారణం బరువు. అప్పట్లో ఆర్‌సీ కార్లలో వాడే నికెల్-కాడ్మియం ప్యాక్‌నే గ్లైడర్‌లోనూ పెట్టేవాళ్లు. ఏడు సెల్స్, 8.4 వోల్టులు, 1700 ఎంఏహెచ్ అనుకోండి. బరువు సుమారు 400 గ్రాములు, శక్తి దాదాపు 14 వాట్-అవర్లు. ఇప్పుడు మామూలుగా దొరికే మూడు సెల్స్ లైపో, 2200 ఎంఏహెచ్, 180 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. శక్తి 24 వాట్-అవర్లు. అంటే సగం కన్నా తక్కువ బరువులో ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి!

ఈ మార్పు ఎవరి పుణ్యం? 1991లో సోనీ లిథియం-అయాన్ సెల్‌ని మార్కెట్లోకి తెచ్చింది. ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు కోట్లలో అమ్ముడయ్యేసరికి లిథియం సెల్స్ ధర దిగింది. 2000 తర్వాత హాబీ వాళ్లు లైపో ప్యాక్‌లు పట్టుకున్నారు, బ్రష్‌లెస్ మోటర్లూ అప్పుడే చవకయ్యాయి. 2005లో స్పెక్ట్రమ్ డీఎక్స్6 వచ్చాక రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌కి మారడం మొదలైంది. అంతకుముందు ఇద్దరి దగ్గర ఒకే ఫ్రీక్వెన్సీ ఉంటే, పక్కవాడు రిమోట్ ఆన్ చేయగానే మీ విమానం నేల మీదకి! ఇక బాడీ సంగతి. బాల్సా చెక్క పోయి గట్టి ఫోమ్ వచ్చింది. మల్టీప్లెక్స్ కంపెనీ ఈజీగ్లైడర్ అలాంటిదే. ముక్కు విరిగితే ఫెవిక్విక్ వేసి మళ్లీ ఎగరేయొచ్చు. మామూలు తెల్ల థర్మాకోల్‌కి మాత్రం ఫెవిక్విక్ వేయకండి, కరిగిపోతుంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. అప్పుడు చుట్టూ బండరాళ్లు, ఖాళీ జాగా. ఎగరేయడానికి చోటు బోలెడు, బ్యాటరీనే బరువు. ఇప్పుడు బ్యాటరీ తేలికైంది, చోటు పోయింది. గచ్చిబౌలి, కోకాపేట నిండిపోయాయి. ఔటర్ దాటి పోవాల్సిందే.

అందుకే నా లెక్క ఇది. బైక్ మీద తీసుకెళ్లేలా రెక్కలు ఊడదీసేవి కావాలి. రెక్క మొత్తం పొడవు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు చాలు. స్పోర్టీ అంటే స్పీడ్ ఒక్కటే అనుకోకండి. రెక్క చివర్లలో కదిలే ఎయిలరాన్లు ఉన్నాయా లేదా చూడండి. పార్క్‌జోన్ రేడియన్ రెండు మీటర్లది, దానికి ఎయిలరాన్లు లేవు, రడ్డర్‌తోనే తిరుగుతుంది. నేర్చుకోవడానికి హాయిగా ఉంటుంది, కానీ రోల్ కొట్టలేదు. ఈజీగ్లైడర్‌కి ఎయిలరాన్లు ఉన్నాయి. నిదానంగానూ పోతుంది, కొంచెం ఆటలూ ఆడుతుంది. మొదటిసారి కొనేవాళ్లు ఇలాంటి రకం చూసుకోండి. సన్నటి రెక్కల హాట్‌లైనర్లు ఇప్పుడే వద్దు, చేతిలోంచి వదిలిన రెండు సెకన్లలో మీ బడ్జెట్ అయిపోతుంది.

డబ్బు ముందు రిమోట్ మీద పెట్టండి. ఫ్లైస్కై ఐ6 లాంటి ఆరు ఛానెళ్లది చాలు, మీ తర్వాతి మూడు విమానాలకీ అదే పనికొస్తుంది. తర్వాత మంచి ఛార్జర్, రెండు బ్యాటరీలు. మిగిలిన దాంట్లో ఫోమ్ బాడీ. సెకండ్ హ్యాండ్ బాడీ అయినా పర్లేదు. సెకండ్ హ్యాండ్ బ్యాటరీ మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

విదేశం నుంచి పూర్తి సెట్ తెప్పిద్దాం అనుకుంటున్నారా? 2022 ఫిబ్రవరి 9న కేంద్రం డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, విడిభాగాలకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. కస్టమ్స్‌లో మీ గ్లైడర్‌ని ఏ లెక్కన చూస్తారో అనే రిస్క్ ఎందుకు? ఇక్కడే దొరికే బాడీ, విడిగా మోటర్, సర్వోలు కొనడం మేలు. వైర్లు, కనెక్టర్లు, సోల్డరింగ్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో చూసుకోండి.

2021 డ్రోన్ రూల్స్ మీ గ్లైడర్‌కీ వర్తిస్తాయి. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉంటే మైక్రో కేటగిరీ. సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా ఎగరేయకండి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు నేల నుంచే పర్మిషన్ కావాలి. సైబర్ టవర్స్ నుంచి బేగంపేట నేరుగా కొలిస్తే అటూ ఇటూగా ఆ దూరంలోనే ఉంది. తమాషా ఏంటంటే, ఆ బేగంపేట కథ కూడా 1930లలో హైదరాబాద్ ఏరో క్లబ్‌తోనే మొదలైంది. పెద్ద ఈవెంట్లు, వీఐపీలు వచ్చినప్పుడు సైబరాబాద్ పోలీసులు రిమోట్ విమానాల మీద ఆంక్షలు పెడుతుంటారు, అది కూడా చూసుకోండి.

జాగా ఎవరిదో కనుక్కుని అడిగి, పొద్దున్నే గాలి లేనప్పుడు వెళ్లండి. మొదట మోటర్ ఆన్ చేయకుండా, గడ్డి మీదకి చేత్తో మెల్లగా విసరండి. ముక్కు దించుతోందా, ఎత్తుతోందా చూసి బ్యాటరీని ముందుకో వెనక్కో జరపండి. తిన్నగా జారిందంటే అప్పుడు మోటర్. లైపో ఉబ్బితే ఏం చేయాలి, ఇంట్లో ఎక్కడ పెట్టాలి అనేది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండి.