వేలం పంచాయతీది, నీళ్లెవరివి?

మా ఆనేకల్ చెరువులను ఎవరూ చేపల కోసం కట్టలేదు. 1603 ప్రాంతంలో సుగటూరు వంశపు దొర ఊరికి కోటా, పెద్దచెరువూ కట్టించినప్పుడు అందరి చూపూ వరిమడి మీదే. చేప దానంతటదే వచ్చేది: మరవ పారినప్పుడు ఎదురీదే కొరమీను, బురదలో నక్కే మట్టగిడస, ముల్లు గుచ్చే జెల్ల. మా బెస్తోళ్లు విసురువల భుజాన వేసుకుపోయి, పడిందే భాగ్యమనుకునేవాళ్లు.

చేపల పెంపకం రాబడిగా మారింది 1957 తర్వాతే. బొచ్చె, రోహు, ఎర్రమోసు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. పిల్లల కోసం నదుల మీద ఆధారపడాల్సిందే. ఆ ఏడాది జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురీ పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి, వాటి చేత గుడ్లు పెట్టించడం సాధించాడు. మైసూరు రాష్ట్రంలో మత్స్యశాఖ వేరుపడిందీ 1957లోనే. తర్వాత బెంగళూరు దగ్గరి హెసరఘట్ట చేపపిల్లలకు పేరుబడింది.

పంచాయతీలో గుమాస్తాగా ఉన్నప్పుడు చేపపిల్లల్ని చెరువులో వదిలే పని నేనూ చూశాను. సంచిలో కొంచెం నీళ్లు, మిగతా అంతా ఆక్సిజన్. గట్టుమీదే విప్పి కుమ్మరిస్తే పిల్లలు వెల్లకిలా తేలిపోతాయి. మూతి విప్పకుండా సంచిని కాసేపు చెరువులోనే తేలనివ్వాలి. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి వచ్చాక, చెరువునీళ్లు దోసెడు దోసెడు కలిపి, మెల్లగా వంచాలి. బొచ్చె పైన మేస్తుంది, రోహు నడుమ, మోసు అడుగున. అందుకే మూడూ కలిపి వదిలేది.

అంత ఓపిక పంచాయతీ పెట్టే చెరువు వేలంపాటలో ఉండేది కాదు. ఎవరు ఎక్కువ పాడితే చెరువు వాళ్లది. ఏడాదికే పాడుకున్నవాడు పిల్లల మీద ఖర్చెందుకు పెడతాడు? చిన్నాపెద్దా ఊడ్చుకుపోతాడు. వల తప్ప మరేమీ లేని బెస్తవాడు డబ్బున్నవాడి దగ్గర కూలికి దిగేవాడు. 1973-74లో కేంద్రం మొదలుపెట్టిన మత్స్య రైతుల అభివృద్ధి సంస్థలు చెరువును ఎక్కువ ఏళ్లకు గుత్తకివ్వాలని, శిక్షణ, సబ్సిడీ ఇవ్వాలని చెప్పింది ఇందుకే. 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో చేపల పెంపకం 5వ అంశం. 1993లో కర్ణాటక కొత్త పంచాయతీరాజ్ చట్టం చేసుకుంది. కాగితం మీద చేప ఊరి చేతికొచ్చింది.

అయితే నీళ్లు ఊరి చేతిలో లేవు. మా తాలూకాలో చందాపుర చెరువు నిండితే ముత్తానల్లూరుకు, అక్కణ్ణుంచి బిదరగుప్పెకు పారాలి. ఇప్పుడు ఆ దారిలో నురగ కూడా పారుతోంది. మురుగు కుళ్లుతూ నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. తెల్లవారుజామున అది మరీ అడుగంటి చేపలు చస్తాయి. చందాపుర చెరువు పాడైనందుకు 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వానికి 500 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఏ చేపల వేలం ఆ లెక్కకు అందుతుంది?

గుత్త డబ్బు తీసుకున్నాక నీటిని కాపాడే పూచీ కూడా గుత్తకిచ్చేవాళ్లదే కావాలి. చేపలు చస్తే ఆ ఏటి పాట సొమ్ము తిరిగివ్వాలని షరతుల్లో ఒక్క వాక్యం రాస్తే చాలు; ఫ్యాక్టరీ కాలువ ఎటు పోతోందో చూడడానికి పంచాయతీకే తీరిక దొరుకుతుంది.