కంచెలు, కరవు, వన్యప్రాణుల నీటి దారులు

1. పరిచయం

సరిహద్దుల చరిత్రను మనం సాధారణంగా రాజ్యాలు, సైన్యాలు, ఒప్పందాల కోణం నుంచి చదువుతాం. ఈ భాగంలో అదే చరిత్రను నీటి కోణం నుంచి పరిశీలిద్దాం. మీరు రామన్నపేట వంటి మెట్ట ప్రాంతానికి చెందినవారైతే ఈ విషయం మీకు సులభంగా అర్థమవుతుంది. ఇక్కడ వానలో అధిక భాగం జూన్–సెప్టెంబరు మధ్యనే కురుస్తుంది. కాలం కాకపోతే వేసవికి ముందే కుంటలు ఎండిపోతాయి. గొర్ల కాపరులు మందలను నీళ్లున్న చోటికి తోలుకుపోతారు. అడవి జంతువులూ అదే విధంగా నీటిని వెతుక్కుంటూ పోతాయి. ఆ దారికి కంచె అడ్డం వస్తే ఏం జరుగుతుంది? ముందుగా రెండు ఎడారుల అనుభవాన్ని చూద్దాం.

2. కలహారి: పశువుల కోసం వేసిన కంచె

ఆఫ్రికాలోని నేటి బోట్స్వానా 1966 వరకు బెచువానాలాండ్ పేరుతో బ్రిటిష్ రక్షిత ప్రాంతంగా ఉండేది. పశుమాంసం ఎగుమతి దాని ముఖ్య ఆదాయ మార్గాలలో ఒకటి. గాలికుంటు వ్యాధి వ్యాపిస్తే ఆ ఎగుమతి ఆగిపోతుంది. అందుచేత ప్రభుత్వం పొడవైన తీగ కంచెలతో ప్రాంతాలను విభజించింది. 1958లో వేసిన కుకే కంచె వీటిలో ఒకటి.

వానలు బాగా పడిన సంవత్సరాల్లో ఈ కంచె నష్టం అంతగా కనిపించలేదు. 1960 దశకంలో కరవు వచ్చినప్పుడు విల్డెబీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు ఉత్తరాన ఉన్న నీటి వైపు కదిలాయి. కంచె వద్ద ఆగిపోయి దాహంతో, ఆకలితో పెద్ద సంఖ్యలో చనిపోయాయి. 1980 దశకపు కరవులోనూ అవి వేలాదిగా మరణించాయి.

3. సొనోరా: దేశ సరిహద్దు గోడ

అమెరికా–మెక్సికో సరిహద్దులో సొనోరా ఎడారి ఉంది. వలసలను అడ్డుకోవడానికి 2006 చట్టం తరువాత ఇక్కడ అడ్డుగోడల నిర్మాణం పెరిగింది. అమెరికా వైపున, సరిహద్దుకు అతి దగ్గరలో కిటోబాకిటో అనే ఊట చెరువు ఉంది. 2020లో దాని పక్కనే సుమారు 30 అడుగుల ఎత్తున ఉక్కు స్తంభాల గోడ కట్టారు. స్తంభాల సందుల్లోంచి చిన్న ప్రాణులు దూరిపోగలవు. మెక్సికో వైపున్న జింకల వంటి పెద్ద జంతువులు దూరలేవు.

4. మన ప్రాంతం: హరిణ వనస్థలి

మన దగ్గర ఎడారి గాని, దేశ సరిహద్దు గాని లేవు. అయినా ప్రశ్న అదే. రామన్నపేట నుంచి చిట్యాల మీదుగా హైదరాబాదు వెళితే వనస్థలిపురం వద్ద జాతీయ రహదారి పక్కనే మహావీర్ హరిణ వనస్థలి కనిపిస్తుంది. ఒకప్పుడు ఇది నిజాం వేటస్థలం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత, 1975లో కృష్ణజింకల రక్షణకు దీనిని ఏర్పాటు చేశారు. చుట్టూ నగరం పెరిగినా లోపలి జింకలు మిగిలాయంటే ఈ ఏర్పాటే కారణం. కాని కృష్ణజింక బయళ్లలో తిరిగే జంతువు. హద్దుల లోపల ఉన్న మందకు ఎండాకాలంలో వేరే చెరువును వెతుక్కునే వీలు ఉండదు. అందువల్ల దాని నీటి బాధ్యత మనుషులదైంది.

గ్రామాల్లో రైతు పంట కాపాడుకోవడానికి కంచె వేస్తాడు. అతని అవసరం న్యాయమైనదే. అయితే ఆ కంచె కుంటకు పోయే దారిని మూసినా, అందులో చట్టవిరుద్ధంగా కరెంటు పెట్టినా ఫలితం వేరుగా ఉంటుంది. కరెంటు తీగకు తగిలితే మనుషుల ప్రాణాలూ పోతాయి.

5. సారాంశం

పశువ్యాధి, వలస, సంరక్షణ, పంట: పై నాలుగు అడ్డంకులకు కారణాలు వేరు. అయినా వాటిని అంచనా వేయడానికి ఒకే ప్రమాణం ఉంది. కంచె పొడవును మాత్రమే చూడకండి. కరవు సంవత్సరంలో నీరు ఏ పక్కన ఉందో, జంతువు ఏ పక్కన ఉందో చూడండి. మంచి కాలంలో చేసిన అంచనా మాత్రమే సరిపోదని కలహారి చరిత్ర చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కుకే కంచె నష్టం కరవులోనే ఎందుకు బయటపడింది?
2. హరిణ వనస్థలి హద్దులు కృష్ణజింకలకు చేసిన మేలును, కలిగించిన పరిమితిని వివరించండి.
3. మీ ఊరి చెరువుకు పశువులు, జంతువులు చేరే పాత దారుల గురించి పెద్దలను అడిగి, అవి నేడు ఎలా ఉన్నాయో రాయండి.