వంటింటి అలమార, రంగుడబ్బా

ఇంటికి రంగు వేయుట యొకప్పుడు శ్రేణీరహస్యము. లండను నగరమందు కొయ్యకును గోడలకును రంగులు పూయువారి సంఘమును, బట్టలపై రంగులు దిద్దువారి సంఘమును 1502లో ఏకమై, 1581లో ఎలిజబెత్తు రాణివలన అధికారపత్రము పొంది, ఆ వృత్తిని తమ గుప్పిట నుంచుకొన యత్నించినవి. శిష్యుడుగా చేరినవాడు ఏండ్ల తరబడి ఊడిగము చేసినగాని పనివాడనిపించుకొనజాలడు. కుంచెను డబ్బాలో ముంచి పలకపై రాచుటకు ఇంత శిక్షణ యేలయని ఈ కాలపు పాఠకునకు తోచవచ్చును. కాని నాడు డబ్బా లేదు. రంగనునది అంగడిలో కొనితెచ్చుకొను సరకు కాదు, పని జరుగుచోటనే ఆ పూటకు సిద్ధము చేసికొను పదార్థము. నున్నని రాతిపలకపై రంగుపొడిని పోసి, అవిసెనూనె చేర్చి, మఱియొక రాతితో గంటలకొలది నూఱి, వ్రేళ్ళ నడుమ పలుకు తగులనంత మెత్తన చేసి, టర్పెంటైనుతో పలుచన చేయుటయే ఆ విద్యలో సగము. కొయ్య కణుపులనుండి ఊరు జిగురును అణచుట, పగుళ్ళను లప్పముతో పూడ్చుట, పూతకును పూతకును నడుమ నునుపు దేలునట్లు రుద్దుట తక్కిన సగము. ఇది పని ముగిసిన పిమ్మట ఎవ్వరికిని కానరాని సగము. ఈ రెండును తరువాతి శతాబ్దములలో వేఱువేఱు త్రోవలు పట్టినవి. నేడొక గృహిణి తన వంటింటి అలమారకు తానే రంగు వేసికొనగలుగుటకును, అట్లు వేసిన రంగు పలుచోట్ల ఏడాది తిరుగకమునుపే పెచ్చులూడుటకును ఆ చీలికయే కారణమని నా తలంపు.

నాటి నూనెరంగులకు ఆధారము సీసపు తెలుపు. మన వర్తకులు సఫేదా యని వ్యవహరించుచు వచ్చినది. దానిని చేయు విధము రసవాదులను తలపించును. మట్టికుండల అడుగున పులియబెట్టిన సిర్కా పోసి, పైన చుట్టలు చుట్టిన సీసపు రేకుల నమర్చి, అట్టి కుండలను వరుసలపై వరుసలుగా పేర్చి, వానిని గుఱ్ఱపు లద్దెలో గాని తోళ్ళు ఊనుటకు వాడిన చెట్టుబెరడులో గాని పూడ్చి, ఇంచుమించు మూడు మాసములు కొట్టు తలుపులు మూసియుంచెడివారు. లద్దె మురుగుటచే పుట్టిన వేడిమియు, బొగ్గుపులుసు వాయువును, సిర్కా ఆవిరియు కలసి నల్లని సీసమును తెల్లని పెచ్చులుగా మార్చివేయును. ఆ పెచ్చులను రాల్చి, కడిగి, ఆరబెట్టి, మోసికొనిపోవు కూలీలకు, ఆంగ్లదేశమందు వారిలో అనేకులు నిరుపేద స్త్రీలు, కడుపుశూలయు చేతులు చచ్చుపడుటయు ప్రారబ్ధములై యుండెను. అయినను ఆ తెలుపునకు దీటైనది మఱియొకటి చిరకాలము దొరకలేదు. అది అవిసెనూనెతో రసాయనికముగా కలసిపోయి కొయ్యను విడువక పట్టుకొనును. ఎండకును వానకును ఓర్చును. క్రింది వన్నెను స్వల్పపు పూతలతోనే కప్పివేయును. ఇన్ని సుగుణములు గల విషము గనుకనే దానిని వదలించుకొనుటకు లోకమునకు అంతకాలము పట్టినది.

శ్రేణీరహస్యమును మొదట బయటపెట్టినవారు రంగుల వర్తకులు. 1730 ప్రాంతములందు లండను స్ట్రాండు వీథిలో అంగడి పెట్టిన అలెగ్జాండరు ఎమర్టను అను నతడు నూఱిన రంగులనే అమ్ముచు, వానిని పూయవలసిన విధమును అచ్చొత్తించి యిచ్చుచు, పెయింటరు తోడ్పాటు లేకయే గృహయజమాని గాని అతని సేవకులు గాని ఆ పని చేసికొనవచ్చునని ప్రకటించెను. (యజమాని స్వహస్తమున కుంచె పట్టియుండునని నమ్ముటకు నాకు మనసొప్పదు.) 1747లో వెలువడిన ‘ది లండను ట్రేడ్స్‌మన్’ అను గ్రంథమున రాబర్టు కాంబెలు ఈ మార్పునే వర్ణించుచు, రంగుల అంగళ్ళవారు గుఱ్ఱములచే తిరుగు గానుగలు పెట్టి చవుకగా రంగులు నూఱుచున్నారనియు, ముద్రిత సూచనల సాయమున సామాన్యపు కూలివాడును మూడవవంతు ఖర్చుతో ఇంటికి రంగు వేయగలుగుచున్నాడనియు, అందుచే పెయింటర్ల వృత్తి క్షీణదశలో నున్నదనియు వ్రాసినాడు. అనగా రాతిపలకపై జరుగు సగము ఆనాడే అమ్మకపు సరకైనది. రెండవ సగమును ఆ ముద్రిత పత్రములు ఎట్లు అందీయగలవు? చేయి నేర్చినది కాగితమున కెక్కదు.

అయితే నాటికి రంగు వేసికొనదగిన అలమారలు వంటింటిలో ఎక్కువగా లేవు. సంపన్నుల ఇండ్లలో వంటయిల్లు పనివారి రాజ్యము. అందలి బల్లలును అరలును రుద్ది కడుగు పచ్చి కొయ్యవి, గోడలు సున్నపువి. అలమార వంటింటిలో నెలకొనుటకును రంగు డబ్బాలో ఇముడుటకును ఇంచుమించు ఒకే కాలము పట్టినది. ఆ రెండును అమెరికాలో కలిసికొన్నవి. 1867లో డి. ఆర్. ఎవరిల్ అను ఒహాయో వాసి కలిపి సిద్ధము చేసిన రంగునకు పేటెంటు పొందెను గాని, అట్టి రంగులలో పొడి అడుగున పేరుకొనిపోవుట అను చిక్కు వెంటనే తీఱలేదు. పొడిని మునుపటికన్న మెత్తగా నూఱగల యంత్రములు వచ్చిన పిమ్మట, క్లీవ్‌లాండు నగరమున 1866లో హెన్రీ షెర్విన్ స్థాపించిన వర్తకశాల, అప్పటికి షెర్విన్-విలియమ్స్ కంపెనీయై, మరల మూయదగిన రేకుడబ్బాకు 1877లో పేటెంటు తీసికొన్నది. మూత పెట్టినచో మిగిలిన రంగు చెడదనుట సామాన్యమైన సదుపాయముగా కనిపించును; కాని ఆదివారమునాడు ఒక తలుపునకు వేసి, మిగిలినదానిని దాచి, మఱి రెండు వారములకు రెండవ తలుపునకు వేయుట యను గృహస్థుని పద్ధతి ఆ మూతతోనే సాధ్యమైనది. వృత్తిపెయింటరునకు ఆ మూతతో పనిలేదు. వాడు డబ్బా నొక్క పూటలో ఖాళీ చేయును.

ఇక అలమార. 1869లో కాథరిన్ బీచరు, ఆమె సోదరి హారియట్ బీచర్ స్టోవును కలసి రచించిన గృహనిర్వహణ గ్రంథమున, ఓడలోని వంటగదివలె అన్నియు చేతికందునట్లు అరలును సొరుగులును అమర్చవలెనని బోధించిరి. 20వ శతాబ్దారంభమునుండి ఇండియానా రాష్ట్రమందలి న్యూ కాసిల్ పట్టణమున తయారైన హూజియరు అలమార ఆ బోధకు రూపమిచ్చినది: పిండి పోసియుంచు తొట్టి, దాని అడుగున జల్లెడ, మసాలాల గూళ్ళు, బయటకు జరుగు పనిపలక, అన్నియు ఒక్క బీరువాలోనే. మొదట అవి ఓకు కొయ్య సహజమైన వన్నెతో వచ్చినవి. పిమ్మట సూక్ష్మక్రిముల సిద్ధాంతము ఇండ్లలోనికి ప్రవేశించెను. మురికిని దాచు కొయ్యవన్నె అనుమానాస్పదమైనది, మురికిని పట్టియిచ్చు తెల్లని ఎనామిలు సద్గుణమైనది. వైద్యశాలల తెలుపు వంటింటి కెక్కినది. 1920ల నాటికి విసుగు పుట్టి లేతాకుపచ్చయు దంతపు వన్నెయు వచ్చి చేరినవి. ఐరోపాలో దారి వేఱు. ఫ్రాంక్‌ఫర్టు నగరమున 1926లో మార్గరెటె షుట్టె-లిహోత్స్కీ రూపొందించిన చిన్న వంటగదిని ఇంచుమించు 10,000 కాపురములకు అమర్చిరి. ఈగలు నీలమునకు చేరవను నమ్మికతో అలమారలకు నీలిరంగు వేయించిరి. అక్కడ వన్నెను నిర్ణయించినది వాస్తుశిల్పి, ఇల్లాలు కాదు. అమెరికాలో నిర్ణయించినది ఇల్లాలే, అనగా ఆమెకు పత్రికలలో వర్ణచిత్రములు చూపిన రంగుల కంపెనీ. 1923లో మోటారుకార్ల కొఱకు డ్యూపాంటు సంస్థ తెచ్చిన డూకో అను త్వరగా ఆరు రంగునకు, కుంచెతో వేసికొనదగిన గృహరూపము ఆ దశాబ్దముననే అంగళ్ళకు వచ్చెను. పాత కుర్చీని, పాత అలమారను ఒక్క మధ్యాహ్నమున క్రొత్తవి చేయవచ్చునని ప్రకటనలు ఊరించినవి. నేడు హైదరాబాదు వడ్రంగులు పిచికారి తుపాకితో చిమ్ము నిగనిగలాడు పూతను డూకో యనుట ఆ కారు రంగు పుణ్యమే.

ఈ ఉత్సాహమునకు అడుగున సీసము ఉండనే యున్నది. ఆస్ట్రేలియా దేశమందలి బ్రిస్బేన్ నగరమున కంటివైద్యుడు లాక్‌హార్టు గిబ్సన్, పిల్లలకు వచ్చు సీసవిషమునకు మూలము వసారా కటకటాలపై పొడియై రాలు రంగేయని 1904లోనే వెల్లడించెను. ఆ నగరము గల క్వీన్స్‌లాండు రాష్ట్ర ప్రభుత్వము 1922లో నివాసములపై సీసపు రంగును నియంత్రించు శాసనము చేసెను. 1921లో జినీవాలో అంతర్జాతీయ కార్మికసంస్థ భవనముల లోపలి భాగములకు సీసపు తెలుపు వాడరాదని ఒడంబడిక చేసినది. అమెరికా దానిని అంగీకరింపలేదు. అదే కాలమున అచ్చట నేషనల్ లెడ్ కంపెనీ, కుంచెయు డబ్బాయు చేతబట్టిన డచ్చి బాలుని బొమ్మను వ్యాపారచిహ్నముగా పెట్టుకొని, 1923లో పిల్లల కొఱకు ‘ది డచ్ బాయ్స్ లెడ్ పార్టీ’ అను రంగులు పూయు పుస్తకమును పంచిపెట్టుచుండెను. తెలియక చేసినదని దీనిని క్షమింపజాలము. బ్రిస్బేను వార్త వైద్యపత్రికలకెక్కి అప్పటికి రెండు దశాబ్దములు. అమెరికాలో గృహోపయోగపు రంగులలో సీసమును నిషేధించుట 1978 వఱకు జరుగలేదు. అందుచే అంతకు పూర్వపు ఇంటిలో ఎవరైన పాత అలమారను గరుకు కాగితముతో పొడిగా రుద్దినచో, తాతలనాటి తెలుపు మెత్తని ధూళియై పసిబిడ్డ ప్రాకు నేలపైకి దిగును. స్వయముగా పనిచేయువాడు పెయింటరువలె వెంటనే ఇల్లు విడిచిపోవడు గదా; ఆ ధూళిలోనే వండుకొని తినును.

సీసమును తొలగించిన తెలుపునకు మన సముద్రతీరముతో చుట్టఱికము కలదు. టైటానియము తెలుపు 1916 తరువాత అమెరికాలోను నార్వేలోను తయారగుచుండెను. దానికి ముడిపదార్థము ఇల్మనైటు అను నల్లని ఖనిజము. రెండు యుద్ధముల నడుమ దానిని లోకమునకు అత్యధికముగా ఎగుమతి చేసినది తిరువాన్కూరు సంస్థానపు సముద్రతీరము. కేరళ యిసుక ఓడలెక్కి పోయి అమెరికా వంటిండ్లను తెల్లన చేసినది. రెండవ ప్రపంచయుద్ధమున ఓడదారులు ప్రమాదభరితములు కాగా, ఆ డచ్చి బాలుని కంపెనీయే న్యూయార్కు రాష్ట్రపు కొండలలో టహావస్ వద్ద ఇల్మనైటు గనిని తెఱచుకొనవలసివచ్చెను. విశాఖ భీమునిపట్నముల తీరమున అల వెనుదీసినప్పుడు చాఱలుగా మిగులు నల్లయిసుకలోను ఆ ఖనిజమే యున్నది. బీచికి పోయినవారు పాదములు మసియైనవని విసుగుకొందురే గాని, తమ గోడల తెలుపునకు అది జ్ఞాతియని ఎఱుగరు.

యుద్ధానంతరము స్వయముగా చేసికొనుట ఒక జాతీయ వినోదమైనది. కూలి పెరిగినది, స్వంత ఇండ్లు పెరిగినవి, సైన్యమునుండి మరలిన యువకులకు పనిముట్లు కొత్త కాదు. 1948లో గ్లిడ్డెను కంపెనీ, యుద్ధకాలపు కృత్రిమ రబ్బరు పరిశోధన ఫలముగా, నీటితో కలిపి నీటితోనే కుంచె కడుగుకొనదగిన స్ప్రెడ్ సాటిన్ అను రంగును విడుదల చేసెను. 1954 ఆగస్టులో టైము పత్రిక ఈ ఉద్యమమునకు ముఖపత్రమిచ్చినది. ఆంగ్లదేశమున బారీ బక్నెలు బి.బి.సి. టెలివిజనులో సుత్తిపట్టి జాతికి గురువై, చెక్కడపు తలుపులన్నింటిని హార్డుబోర్డుతో కప్పి నున్నగా చేసి రంగు వేయుడని నేర్పెను. ఆ బోర్డులు ఊడబెరుకుటలో తరువాతి తరమువారి సెలవులు గడచినవి. గోడలు ఈ విప్లవమునకు వెంటనే లొంగినవి. అలమార లొంగలేదు. గోడను ఎవరును నిత్యము తాకరు; అలమార తలుపు దినమునకు ఇరువది మార్లు తడిచేతుల పాలగును, ఆవిరికి ఉబ్బును, నూనెపొగకు జిడ్డెక్కును. దానిపై పూత నిలుచుట రంగుయొక్క ఘనతపై కన్న, రంగునకు ముందు జరిగిన కడుగుటపైనను రుద్దుటపైనను ఆధారపడును. డబ్బా ఎంత సంస్కారము పొందినను ఆ రెండవ సగము చేతియందే మిగిలిపోయినది.

మన ఇండ్ల చరిత్ర దీనికి భిన్నము. తెలుగువారి వంటింటిలో గోడగూళ్ళు, ఉట్టి, చెక్కతలుపుల అలమార, పాలు పెరుగులకు జాలీ బీరువా యుండెడివి. అలుకుట, పండుగకు సున్నము కొట్టుట, ఎఱ్ఱమన్ను పట్టెలు తీర్చుట, గడపకు పసుపు పూయుట ఇంటి ఆడువారి పని. నూనెరంగు మాత్రము బజారునుండి వచ్చు పెయింటరుది. ఆర్. కె. లక్ష్మణ్ 1954లో ఏషియన్ పెయింట్సువారి కొఱకు గీసిన గట్టు అను కొంటెపిల్లవాడు కుంచెయు రంగుబక్కెటయు పట్టి దేశమెల్ల తిరిగినను, ఇల్లాలిచేతికి కుంచె రాలేదు. కూలి చవుకగా నున్నచోట వచ్చుటకు కారణమును లేదు. గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమమును మన ప్రభుత్వము 2016లో ప్రకటించి మఱుసటి యేట అమలునకు తెచ్చినది; అంతకుముందు పూసిన తలుపులు నేటికిని ఆ ఇండ్లలోనే యున్నవి.

కుంచె మన ఇల్లాలి చేతికి వచ్చినది సముద్రము దాటిన పిమ్మట. డాలసులోనో న్యూజెర్సీలోనో పాత ఇల్లు కొనుక్కొన్న తెలుగు దంపతులు, 1990ల నాటి పసుపువన్నె ఓకు అలమారలను చూచి, పెయింటరడిగిన కూలికి బెదరి, తామే పూనుకొందురు. తాలింపు పొగ ఆ కొయ్యపై పేర్చిన జిడ్డు సామాన్యమైనది కాదు. పొయ్యికి పైనున్న తలుపును ఘాటైన క్షారజలముతో రెండు మూడు మార్లు కడిగినగాని క్రొత్త పూత అంటదు. తలుపులను బందులనుండి విడదీసి, ఏది ఎచ్చటిదో వెనుక అంకెలు వేసి, జిడ్డు వదల్చి, నిగనిగ పోవువఱకు రుద్ది, తడిగుడ్డతో ధూళి తుడిచినవారు గూడ ఒక్కొక్కప్పుడు తెల్లని పూత ఆరిన మఱునాడు దానిపై పసుపుపచ్చని మరకలు చూచి నిర్ఘాంతపోవుదురు. ఓకు కొయ్యలోని కషాయపదార్థము నీటిరంగులో కరగి పైకి ఊరుటయే అది. పూతపై పూత వేసినను ఆ మరక మరల తేలును. దానికి అంగడివాడు చూపు మందు స్పిరిటులో కరగించిన లక్క, అనగా లండను పెయింటర్లు దేవదారు కణుపులను అణచుటకు వాడినదే. మోదుగ, కుసుమ చెట్లపై పురుగు పెట్టు లక్క ఈనాటికిని అధికభాగము మన దేశమునుండియే పోవుచున్నది. ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱ బొమ్మలను తరిణిపై త్రిప్పుచు అద్దునదియు నిదియే. అది గంటలోపల ఆరును. ఆ పైని ఏ తెలుపైనను నిలుచును.